అయిదు కిలోమీటర్ల దూరంలోని అలమర

కార్తీక బ్రహ్మోత్సవాల రోజుల్లో మా తిరుచానూరు తిరుచానూరులా ఉండదు. పంచమీతీర్థం నాటికి పద్మసరోవరం చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. బస్సులను ఊరి బయటే ఆపివేస్తారు. ఊళ్ళో ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళాలన్నా, వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరాలన్నా కాళ్ళకే పని. అటువంటి ఒక సాయంత్రం మా వీథిలోని అమ్మాయి తిరుపతి నుండి నడిచి వచ్చి మా అరుగు మీద కూలబడ్డది. ఎం.ఏ. తెలుగు రెండవ సంవత్సరం. తాళ్ళపాక కవులపై చిన్న పరిశోధనవ్యాసం వ్రాస్తున్నది.

"పెదనాయనా, ఆ పుస్తకం అక్కడ ఉండాదో లేదో తెలుసుకునేదానికే నాకు ఒక పూట పోయింది. లేదని చెప్పినారు," అన్నది.

ఆమె అడిగినది వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పాత ముద్రణ ఒకటి. నేను కంప్యూటరు ముందు కూర్చొని వెదికితే అరగంటలో ఇంటర్నెట్ ఆర్కైవులో దొరికింది. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న యంత్రం నుండి మా అరుగు మీదికి దిగివచ్చింది. అసలు వింత అది కాదు. నెల రోజుల తరువాత అదే పుస్తకం అదే గ్రంథాలయంలోని అలమరలో, ఆమె వెదికిన వరుసకు రెండు వరుసల అవతల, దుమ్ము కప్పుకొని కనబడిందట. సూచికలో రోమను లిపిలో ఎక్కించినవారు పేరులోని 'త' పక్కన హెచ్ చేర్చారు. అమ్మాయి చేర్చకుండా వెదికింది. అంతే తేడా.

ఆ గ్రంథాలయం పేరు ఇక్కడ చెప్పను. చెప్పవలసిన అవసరమూ లేదు. మన ఊళ్ళలోని ఏ కళాశాలకు వెళ్ళినా ఇటువంటి కథ ఒకటి వినబడుతుంది. కాని నన్ను కలచివేసినది ఒక పోలిక. కాకినాడలో కూర్చున్న భక్తుడు చేతిలోని ఫోను నొక్కి తిరుమలలో 300 రూపాయల దర్శనానికి ఫలానా రోజు, ఫలానా గంట అని టిక్కెట్టు తీసుకోగలడు. అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న విద్యార్థినికి ఒక పుస్తకం అలమరలో ఉన్నదో లేదో ఇంట్లో నుండి తెలియదు. 2025 జనవరి 30న రాష్ట్రప్రభుత్వం 'మన మిత్ర' అనే పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించింది. కరెంటు బిల్లులు, ధ్రువపత్రాలు ఫోనులోకి వచ్చాక, పుస్తకం గడువు పొడిగించుకోవడానికి మాత్రం మనిషి ఎందుకు నడిచి వెళ్ళాలి?

ఇది యంత్రాల మోజుతో అడుగుతున్న ప్రశ్న కాదు. గ్రంథాలయం పాఠకుని దగ్గరికి వెళ్ళాలన్నది మనకు పాత మాటే. మన పెద్దలు ఆ పని ఫోను లేని రోజుల్లోనే చేశారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినది మొదలు, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు పుస్తకాన్ని ఊరూరికీ చేర్చడమే ఉద్యమంగా పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. రేవు దగ్గర పడవ ఆగితే ఊరివాళ్ళు వచ్చి పుస్తకాలు మార్చుకొని పోయేవారు. అంతకు ముందే, 1931లో, తమిళదేశంలోని మన్నార్‌గుడిలో రంగనాథన్‌గారి ప్రోత్సాహంతో ఎద్దుబండి మీద గ్రంథాలయం తిరిగింది. అదే ఏట ఆయన తన అయిదు సూత్రాల గ్రంథాన్ని ప్రకటించారు. పుస్తకాలు ఉపయోగించుకోవడానికే ఉన్నాయన్నది మొదటిది. పాఠకుని కాలం ఆదా చేయమన్నది నాలుగవది. మా అమ్మాయి పోగొట్టుకున్న పూట ఆ నాలుగవ సూత్రం కిందికి వస్తుంది.

కాలువ ఉన్నచోట పడవ, బాట ఉన్నచోట ఎద్దుబండి. ఇప్పుడు అందరి చేతిలోనూ ఉన్న బాట ఫోను. దాని మీద బండి కట్టడానికి మనం ఎందుకు తటపటాయిస్తున్నామన్నదే నా ప్రశ్న.

'ఎక్కడ తటపటాయిస్తున్నాం? ఇప్పటికే ఎంతో జరిగింది కదా' అనవచ్చు. నిజమే, జరిగినదానిని తక్కువ చేయకూడదు. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్మించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని 2018 జూన్ 19న జాతికి అంకితం చేశారు. ఫోనులో తెరుచుకోవడానికి దానికి అప్లికేషను కూడా ఉన్నది. విశ్వవిద్యాలయాల సిద్ధాంతగ్రంథాలను శోధ్‌గంగలో చేర్చుతున్నారు. 2025 జనవరి 1 నుండి 'ఒకే దేశం ఒకే చందా' పథకం అమలులోకి వచ్చింది. 30 ప్రచురణసంస్థల 13,000 పైచిలుకు పత్రికలు దేశంలోని సుమారు 6,300 ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఇన్‌ఫెడ్ ద్వారా లోనికి వెళ్తే ఆవరణ బయట, ఇంట్లో కూర్చొని కూడా చదువుకోవచ్చు. రసాయనశాస్త్రం చదివే పిల్లవాడికి ఇది పెన్నిధి. ఒకప్పుడు ఒక వ్యాసం కోసం మద్రాసో బెంగుళూరో వెళ్ళిన తరం వారికి దీని విలువ తెలుసు.

కాని తెలుగు చదివే పిల్లకు? ఆ 13,000 పత్రికలు ప్రధానంగా ఆంగ్లంలో ఉన్నాయి. శోధ్‌గంగలో నేను తెరిచి చూసిన తెలుగు సిద్ధాంతగ్రంథాలలో చాలా భాగం కాగితానికి తీసిన బొమ్మలే. కన్ను చదువుతుంది గాని యంత్రం వెదకలేదు. ఆమెకు కావలసినవి పత్రికా సంపుటాలు, పాత ముద్రణలు, పీఠికలు, లిఖితప్రతులు. అవి ఎక్కడో విదేశాల్లో కాదు, తిరుపతిలోనే ఉన్నాయి. 1939లో దేవస్థానం స్థాపించగా తరువాత విశ్వవిద్యాలయంలో చేరిన ప్రాచ్యపరిశోధన సంస్థ ఇక్కడే ఉన్నది. వేటూరివారు పనిచేసిన చోటు అది. 1954లో వెలసిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో వెలసిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాసంస్థ, 2015లో వచ్చిన ఐఐటీ, ఐసర్ అన్నీ మా చుట్టుపక్కలవే. ఇన్ని గ్రంథాలయాలలో ఏ పుస్తకం ఎక్కడ ఉన్నదో ఒక్కచోట, తెలుగు లిపిలో వెదకగలిగితే ఈ ఊరి చదువు స్వరూపమే మారిపోతుంది.

అందుకే నా మొదటి కోరిక ఫోను గురించి కాదు, సూచిక గురించి. తెలుగు పుస్తకం పేరు తెలుగులో ఉండాలి. రోమను లిపిలో వ్రాసినపుడు 'ళ'కు ఒకరు ఒక ఎల్, ఒకరు రెండు. దీర్ఘానికి ఒకరు అక్షరం రెట్టిస్తారు, ఒకరు రెట్టించరు. పాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తున్నదా మిత్రులారా? దేవస్థానం వారూ పాలుపంచుకున్న ఆ బృహత్ప్రయత్నంలో వేలకొలది తెలుగు పుస్తకాలు చేరాయి. కాని పేర్లు చూస్తే మతి పోయేది. భారతం ఒకచోట ఒక వర్ణక్రమంతో, మరొకచోట మరొక వర్ణక్రమంతో. పుటలను ఒక్కొక్కటిగా చూడడానికి వేరే ప్లగిన్ వేసుకోవలసి వచ్చేది. మనలో కొందరు రాత్రుళ్ళు కూర్చొని ఆ పేర్లను తెలుగులోకి మార్చి జాబితాలు కట్టారు. ఆ జాలగూడు తరువాత మూతబడ్డది. పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవుకు చేరి బ్రతికిపోయాయి. మనం కట్టిన జాబితాలే నేటికీ చాలామందికి దారి చూపుతున్నాయి. ఆ అనుభవం చెప్పే పాఠం ఒక్కటే: పుస్తకాన్ని స్కాన్ చేయడం సగం పని, దాని పేరు సరిగా వ్రాయడం మిగతా సగం.

దీనికి కోట్లు అక్కరలేదు. న్యూజిలాండులోని ఒక చిన్న గ్రంథాలయం కోసం తయారై 2000లో వాడుకలోకి వచ్చిన కోహా అనే సాఫ్ట్‌వేరు ఉచితం, యూనికోడును అర్థం చేసుకుంటుంది. మన ఎన్.ఐ.సి. వారి ఇ-గ్రంథాలయ ఉన్నది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ ఉన్నది. పనిముట్టుకు కొరత లేదు. తెలుగులో టైపు చేసే ఓపిక, ఆ ఓపికకు విలువనిచ్చే అధికారి, ఈ రెండే కొరత.

ఇక సామాజిక మాధ్యమాల సంగతి. మా అమ్మాయి చదివేచోట ఈ ఆధునికత రాలేదని కాదు, వచ్చింది. గ్రంథాలయం పేరుతో ఒక వాట్సాప్ బృందం పెట్టారు. మొదటి వారం కొత్త పుస్తకాల అట్టలు వచ్చాయి. రెండవ వారం శుభోదయాలు మొదలయ్యాయి. మూడవ వారం ఎవరో పరీక్షల పుకారు పంచారు. నాలుగవ వారం ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమె ఫోనుకు తెలియని నంబరు నుండి పలకరింపు వచ్చింది. బృందంలో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి కదా! రెండు రోజులు చూసి ఆమె బృందం నుండి తప్పుకున్నది. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఫోను తీసుకుంటారని భయం. అది నిజానికి వాళ్ళ అమ్మ ఫోను. గ్రంథాలయం నుండి వచ్చే సమాచారం ఆ రోజుతో ఆమెకు ఆగిపోయింది.

ఈ మాట ఆమె నాకు చాలా రోజుల తరువాత చెప్పింది. అప్పటిదాకా 'అందరూ ఫోనులోకి రావాలి' అని ఉత్సాహంగా మాట్లాడుతున్న నేను ఆగి ఆలోచించవలసి వచ్చింది. గ్రంథాలయ భవనం కట్టేటప్పుడు ఆడపిల్లలు కూర్చునేచోటు వెలుతురుగా ఉండాలని, ద్వారం దగ్గర మనిషి ఉండాలని ఆలోచిస్తాం. ఫోనులో గ్రంథాలయం కట్టేటప్పుడు ఆ ఆలోచన ఎందుకు ఉండదు? ఇక్కడ తప్పు సాంకేతికతది కాదు. అదే వాట్సాప్‌లో ఛానెల్ అనే సౌకర్యం 2023లో వచ్చింది. అందులో చేరినవారి నంబర్లు ఇతర పాఠకులకు కనబడవు. సమాచారం ఒకవైపు నుండే వస్తుంది. శుభోదయాల బెడదా ఉండదు. అడగవలసినది ఉంటే గ్రంథాలయం నంబరుకు విడిగా వ్రాయవచ్చు. ఎంచుకునేటప్పుడు ఒక్క నిమిషం పాఠకురాలిని తలచుకొని ఉంటే సరిపోయేది. వ్యక్తుల సమాచారం కాపాడాలని 2023లో పార్లమెంటు చట్టమే చేసింది. కాని చట్టం కంటే ముందు మర్యాద ఉన్నది. ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో నలుగురికీ చెప్పకపోవడం గ్రంథపాలకుని ధర్మం. నంబరు విషయంలోనూ అదే ధర్మం.

మరొక జాగ్రత్త. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ ఇవన్నీ తిరునాళ్ళ వంటివి. జనం అక్కడ ఉన్నారు గనుక మనమూ అంగడి వేసుకోవలసిందే. కాని గోదాము మాత్రం సొంత స్థలంలో ఉండాలి. ఈ సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆర్కుట్ 2014లో పోయింది. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. ఎన్నో తెలుగు చర్చలకు నెలవైన యాహూ గ్రూపులు 2020లో పోయాయి. మన మిత్రులు వ్రాసిన ఎంత సాహిత్యచర్చ వాటితో పాటు మట్టిలో కలిసిందో తలచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. కనుక కొత్త పుస్తకాల జాబితా, వ్యాససూచికలు, ప్రశ్నలకిచ్చిన జవాబులు, అన్నీ మొదట గ్రంథాలయం సొంత జాలగూటిలో ఉండాలి. బయట పంచేది వాటి లంకె మాత్రమే.

ప్రకటనలు బొమ్మలుగా కాక అక్షరాలుగా ఉండాలి. యూనికోడు కాని ఖతితో టైపు చేసి, అచ్చుతీసి, ఫోనుతో ఫోటో తీసి పంపే ప్రకటన నాలుగు రోజుల తరువాత వెదికితే దొరకదు. చూపు లేని విద్యార్థికి అది ఒక నల్లని పలక మాత్రమే. అదే యూనికోడులో ఉంటే ఫోనే చదివి వినిపిస్తుంది. మనం ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్న యూనికోడు వాదం తుదకు ఒక విద్యార్థి చదువుకు సంబంధించిన సంగతి అవుతుంది.

చట్టం మాటేమిటి, పుస్తకాలను ఫోనులో పంచితే కాపీరైటు అడ్డురాదా అని అడుగుతారు. అడ్డువస్తుంది, రావాలి కూడా. రచయితల హక్కు గాలిమాట కాదు. కాని చట్టం మనం భయపడేటంత బిగుతుగానూ లేదు. మనదేశంలో రచయిత మరణించిన తరువాత 60 ఏళ్ళకు ఆయన రచనలు అందరివీ అవుతాయి. వేటూరివారు 1950లో కీర్తిశేషులయ్యారు. ఆయన తమ జీవితకాలంలో ప్రకటించిన గ్రంథాలను నేడు ఏ గ్రంథాలయమైనా స్కాన్ చేసి పంచవచ్చు. అన్నమయ్య కీర్తనలకు స్వరాలు కూర్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పరమపదించారు గనుక ఆయన రచనలకు 2039 చివరిదాకా హక్కు ఉంటుంది. వాటిని పంచాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. 2012 సవరణ తరువాత, లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయం తన దగ్గర ఉన్న పుస్తకాన్ని పరిరక్షణ కోసం డిజిటల్ రూపంలో భద్రపరచుకోవడానికి వెసులుబాటు ఉన్నది. ఏది పంచవచ్చు, ఏది భద్రపరచడం వరకే, ఏది రెండూ కాదు అన్న మూడు జాబితాలు తయారు చేసుకుంటే సగం భయం తీరుతుంది. జాబితా చేయకుండా 'చట్టం ఒప్పుకోదు' అని అలమరకు తాళం వేసినందువల్లనే పిల్లలు టెలిగ్రాములో దొంగప్రతులను వెదుక్కుంటున్నారు.

నా వాదానికి బలమైన ఎదురువాదం ఒకటి ఉన్నది. అది ఒక గ్రంథపాలకుడే నాతో అన్నది: "పుస్తకం ఇచ్చేదీ మేమే, తీసుకునేదీ మేమే, పరీక్షల పనులకు పోయేదీ మేమే. ఇంక ఫోనుకు జవాబులు ఎవురు చెప్పాల సార్?" దీనికి నా దగ్గర తేలికైన సమాధానం లేదు. ఉన్నదని నటిస్తే అది ఆయన శ్రమను అవమానించడమే. ఫోనులో సేవ అంటే ఇరవై నాలుగు గంటల వెట్టి కారాదు. రోజుకు ఒక గంట, ఫలానా సమయం అని ప్రకటించి, ఆ గంటను ఉద్యోగంలో భాగంగా లెక్కించాలి. గ్రంథాలయశాస్త్రం చదివే విద్యార్థులకు ఆ పనిని శిక్షణగా ఇవ్వవచ్చు. పుస్తకం ఉన్నదా, గడువు ఎప్పుడు, పొడిగింపు, ఈ మూడింటికీ యంత్రమే జవాబు చెప్పగలదు. మనిషి చెప్పవలసిన జవాబు వేరు. 'తాళ్ళపాక తిరుమలమ్మ గురించి ఎక్కడ చదవాలి?' అని అడిగినపుడు నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి, అయిదవదానిని గురించి హెచ్చరించే మనిషి గ్రంథాలయానికి ప్రాణం. యంత్రానికి పనులు అప్పగించవలసినది ఆ మనిషిని తొలగించడానికి కాదు, అటువంటి ప్రశ్నకు ఆయనకు తీరిక కల్పించడానికి.

ఫోను వస్తే చదువు పోతుందన్న భయం కూడా వింటూ ఉంటాను. ఆ భయంలో నిజం లేకపోలేదు. నేనూ తెరమీద పది పుటలు దాటి చదవలేను. కాని నేను అడుగుతున్నది పుస్తకాన్ని ఫోనుతో మార్చమని కాదు, ఫోను పుస్తకానికి దారి చూపాలని. అమ్మాయికి ఇంటర్నెట్ ఆర్కైవులో దొరికిన ప్రతిలో మధ్యన కొన్ని పుటలు మసకబారి ఉన్నాయి. వాటికోసమే ఆమె మళ్ళీ గ్రంథాలయానికి వెళ్ళి, పట్టుబట్టి వెదికించింది. అలా దొరికినదే ఆ దుమ్ము పట్టిన ప్రతి. తెర మీద పుస్తకం అసలు పుస్తకాన్ని చంపలేదు, అలమరలో నుండి బయటికి రప్పించింది.

నాకొక చిన్న ఆశ ఉన్నది. తాళపత్రాలున్న సంస్థ ఏదైనా రోజుకు ఒక్క పత్రం చొప్పున ఫోటో తీసి, ఇది ఏ గ్రంథం, ఏ లిపి, ఇందులో ఏమున్నది అని నాలుగు వాక్యాలు తెలుగులో వ్రాసి లోకానికి చూపితే ఎలా ఉంటుంది? కోటికి పైగా లిఖితప్రతులను లెక్కకెక్కిస్తామని 2025 బడ్జెటులో 'జ్ఞానభారతం' ప్రకటించారు. ఆ లెక్క ఢిల్లీలోని ఒక పట్టికగా మిగలకుండా మా వీథిలోని పిల్ల ఫోనులో ఒక తాటాకుగా కనబడితే, ఆమె ఒకనాడు 'ఈ లిపి నేర్చుకుంటాను' అనవచ్చు. ప్రాచీనలిపి చదవగలిగేవారు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్న రోజుల్లో అటువంటి ఒక్క పిల్ల దొరికినా చాలు.

మిత్రులారా, మనలో చాలామందికి వయసు మీద పడింది. టపాలు తగ్గాయి. కాని తెలుగు పేరును తెలుగులో వ్రాయాలన్న పట్టుదల పోలేదు. మీ ఊరి కళాశాల గ్రంథాలయానికి ఒకసారి వెళ్ళండి. సూచికలో పది తెలుగు పుస్తకాలు వెదికి చూడండి. దొరకనివి వ్రాసుకోండి. గ్రంథపాలకునితో తగవు పెట్టుకోకుండా, 'వారానికి ఒక పూట వచ్చి పేర్లు సరిచేసి పెడతాం' అని అడగండి. డిజిటల్ లైబ్రరీకి చేసిన పని మన ఇంటి పక్క గ్రంథాలయానికి చేయలేమా?

నేను అడిగాను. రెండుసార్లు 'చూద్దాం' అన్నారు. మూడవసారి ఒక కుర్చీ చూపించారు. అమ్మాయీ నేనూ కలిసి ఇప్పటికి 340 పేర్లు సరిచేశాము. మొదటగా సరిచేసినది ఏ పుస్తకం పేరో మీకు చెప్పనక్కరలేదు.